గొట్టం మీద మూడో పేరు

పొద్దున లేవగానే బ్రష్షులు చూసుకోవడం ఆ పెయింటర్‌కి అలవాటు. మొహం కడుక్కోవడం కూడా ఆ తర్వాతే. ఒక్కో బ్రష్షూ తీసి, వెంట్రుకల్ని బొటనవేలితో పక్కకి వంచి, పాత రంగు కుదుళ్లలో ఎక్కడన్నా దాక్కుందా అని చూసి, కిరసనాయిల్లో ముంచి, చిరిగిన చొక్కా గుడ్డకి తుడిచి, పొడుగు పొట్టి ప్రకారం వరసగా పేర్చుకుంటాడు. గుండెకి ఆపరేషనై మూడు నెలలు దాటింది. ఈ మూడు నెలల్లో ఒక్క బోర్డూ రాయలేదు. ఒకసారి రాద్దామని నిచ్చెన ఎక్కబోతే మూడో మెట్టు మీదే ఊపిరందక కూర్చుండిపోయాడు. అయినా బ్రష్షులు మాత్రం రోజూ స్నానం చేస్తూనే ఉన్నాయి.

"వాటికేం జబ్బు చేసిందని రోజూ ఒళ్లు తుడుస్తున్నారు?" అంది భార్య, టీ గ్లాసు వరండా గట్టు మీద పెడుతూ.

"వాడకపోతే బిగుసుకుపోతాయే."

"పోనీండి. మీరు మాత్రం కదలకుండా కూర్చోండి, నాకదే చాలు."

ఊళ్లో బట్టల షాపుకెళ్లినా, మందుల షాపుకెళ్లినా, పళ్ల డాక్టరు దగ్గరికెళ్లినా, గుమ్మం మీద బోర్డు ఆయన చేతిరాతే. అక్షరాలకి నీడ వేయడంలో ఆయనకి ఆయనే సాటి. సూర్యుడు ఎటున్నా సరే, ఆయన నీడ ఎప్పుడూ కుడిపక్క కిందికే పడుతుంది. ఇంతమంది పేర్లు రాసిన మనిషి తన పేరు మాత్రం ఎక్కడా రాసుకోలేదు. ఇంటి గేటు మీద కూడా ఖాళీయే. ఎవరన్నా అడిగితే "నా ఇల్లు నాకు తెలీదా ఏంటి" అనేవాడు. మొత్తం ప్రపంచంలో ఆయన పేరు చెక్కి ఉన్నది ఒక్కచోటే. హైస్కూలు వెనకాల రేకుల షెడ్డులో, ఒక ఇనప గొట్టం మీద, ముందు నుంచి మూడోది.

ఆ గొట్టం సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

నలభై ఆరేళ్ల కిందట ఆ స్కూల్లో వర్క్‌షాపు మాస్టారొకాయన తుక్కు సైకిళ్లు మూడు కోయించి, పిల్లల చేత ఒక తొక్కుడు బండి చేయించాడు. మూడు చక్రాలు, పడక కుర్చీలో వాలినట్టు వాలి కూర్చునే సీటు. కాళ్లు ముందుకి చాచి తొక్కాలి. ఇంజను లేదు, మోటారు లేదు, తొక్కేవాడి కాళ్లే సర్వస్వం. అలాంటి బండ్లకి ఏటా ఒక పెద్ద పందెం జరుగుతుంది. ఒక మైదానం చుట్టూ, తారురోడ్డు మీద, ఇరవైనాలుగు గంటలు. ఒక్కో స్కూలుకి ఎనిమిదిమంది ఉండాలి. ఒకళ్లు దిగితే ఇంకొకళ్లు ఎక్కుతారు, బండి మాత్రం తిరుగుతూనే ఉండాలి. మొదటి ఏడు వెళ్లిన ఎనిమిదిమందిలో మన పెయింటర్ ఒకడు. అప్పుడాయనకి పదహారేళ్లు. ఆ ఏడు వాళ్లు ఆఖరున వచ్చారు. ఆఖరంటే అలాంటిలాంటి ఆఖరు కాదు, వీళ్ల ముందున్న బండికీ వీళ్లకీ అరవై చుట్లు తేడా. అయినా మాస్టారు మురిసిపోయి, ఎనిమిది పేర్లూ బండి నడిమి గొట్టం మీద అక్షరాల పంచ్‌తో, సుత్తి పెట్టి కొట్టించాడు.

అప్పట్నుంచి ఏటా బండి మారుతుంది, గొట్టం మారదు. చక్రాలు కొత్తవి, గొలుసు కొత్తది, సీటు కొత్తది, నడుమ ఆ గొట్టం మాత్రం పాతదే. దాని బరువే పద్నాలుగు కిలోలు. పందెం నడిపేవాళ్లు "అది పారేసి తేలికది వేసుకోండి, మీకూ ఓ కప్పు వస్తుంది" అని మంచిమాటగా చెప్పి చూశారు. స్కూలు వినలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి ఐదో స్థానం వచ్చింది, అదీ వాన పడి ముందున్నవాళ్లు నలుగురైదుగురు జారిపడితే. కానీ వీళ్ల బండి ఒక్క ఏడు కూడా మధ్యలో ఆగలేదు. ఆ మాట అనగలిగే స్కూలు ఇంకోటి లేదు.

ఎందుకు ఆగలేదంటే, ఆ బండి తొక్కేవాళ్ల అలుపు గొట్టం మీద పేరున్న అందరికీ పడుతుంది. సీట్లో ఉన్నవాళ్లకి ఏదో చిటికెడు తగులుతుంది, అంతే. మిగతాదంతా ఎక్కడెక్కడో ఉన్న పాతవాళ్లది. బతికున్నవాళ్లు ఇప్పుడు రెండొందల ముప్పై ఒక్కరు. అంతమంది పంచుకుంటే తలా ఇంతా రాదు కదా అంటే, అలుపుకి భాగహారం రాదు. ఒక్కొక్కళ్లకీ మేడ మెట్లెక్కుతున్నంత పడుతుంది. పందెం రోజు పళ్ల డాక్టరు ఎవరి పన్నూ ముట్టుకోడు. బస్సు డ్రైవరు సెలవు పెడతాడు. పెళ్లిళ్లు ఆ రోజు పెట్టుకోరు. అందరూ వీధిలో కుర్చీలు వేసుకుని, వేణ్ణీళ్ల బకెట్లలో కాళ్లు పెట్టుకుని, "ఇప్పుడెక్కిందెవరో గానీ దున్నేస్తోంది రా" అని రొప్పుతూ చెప్పుకుంటారు. ఎండాకాలంలో ఉక్క పోసినట్టే పందెం రోజు ఆయాసం వస్తుంది. దాని గురించి ఎవరూ రెండో మాట అనరు.

అలుపు లేనివాళ్లు గెలవాలి కదా అని పక్క స్కూళ్లవాళ్లు దెప్పుతారు. వాళ్లకేం తెలుసు, అలుపు వేరు, వేగం వేరు. నడుమ పద్నాలుగు కిలోలు మోసుకుంటూ తిరిగితే తెలుస్తుంది.

ఊళ్లో దీనికి రెండు కట్టుబాట్లున్నాయి. మొదట్లో ఒకసారి మామూలు రోజున బండి సాధనకి తీస్తే, రోడ్డు దాటుతున్న పాత జట్టు పిల్ల నడిరోడ్డు మీద కూలబడింది. అందుకని సాధనంతా వేరే బండి మీద చేస్తారు. గొట్టం ఉన్న బండి పందెం రోజు తప్ప షెడ్డు దాటకూడదు. రెండోది, వాటా మోయలేమనుకున్నవాళ్లు షెడ్డుకొచ్చి, ఆకురాయితో తమ పేరు తామే అరగదీసుకుంటే సరిపోతుంది. ఇంతవరకూ అలా చేసినవాళ్లు ఐదుగురు. వాళ్లని ఎవరూ ఒక్క మాట అనలేదు. అసలు వాళ్ల ఊసే ఎత్తరు.

గుండె డాక్టరు కూడా గొట్టం మీదవాడే, ఇరవయ్యో ఏడు జట్టు. పందెం ఇంకా మూడు వారాలుందనగా ఆయన పెయింటర్‌ని క్లినిక్కుకి పిలిపించి, పది మెట్లు ఎక్కించి, దించి, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"బాబాయ్, పేరు తీసేయండి."

"ఎవరి పేరు?"

"మీ పేరే. పది మెట్లకే ఇలా ఉంది. పందెం రోజు ఇరవైనాలుగు గంటలు ఎక్కుతూనే ఉండాలి. తట్టుకోదు."

"తట్టుకోదంటే?"

డాక్టరు పెయింటర్ భార్య వైపు చూశాడు. ఆవిడ నేల వైపు చూసింది. "ఇంట్లో ఆకురాయి ఉంది," అంది మెల్లగా. "ఇవాళే వెళ్దామండీ."

"నీ గుమ్మం మీద బోర్డు ఎవరు రాశారు అబ్బాయ్?" అన్నాడు పెయింటర్.

"మీరే."

"దాన్ని చెరిపేసి, లోపల నువ్వు కూర్చునే ఉన్నావనుకో. ఎవరన్నా వస్తారా? మూసేశారనుకుని వెళ్లిపోతారు. నేనింకా మూసేయలేదు."

చొక్కా గుండీలు పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా ఠీవిగానే నడిచాడు గానీ, వీధి చివర కరెంటు స్తంభం పట్టుకుని అయిదు నిమిషాలు ఆగాల్సి వచ్చింది. ఆవిడ గొడుగు పట్టుకుని పక్కనే నిలబడింది.

మర్నాటి నుంచి పరామర్శలు మొదలయ్యాయి. పళ్ల డాక్టరు వచ్చాడు. బస్సు డ్రైవరు వచ్చాడు. పోస్టాఫీసు క్లర్కు ఆవిడ పళ్లబుట్టతో వచ్చింది. అందరిదీ ఒకటే పాట, "మీ వాటా మేం మోస్తాం పెయింటర్ గారూ, మీరు హాయిగా పడుకోండి." చెవులు కూడా పాడయ్యాయేమో అన్నట్టు గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పేవాళ్లు.

"నేనడిగానా మిమ్మల్ని?" అన్నాడాయన బస్సు డ్రైవరుతో.

"మీరడగాలా ఏంటి, మేమున్నాం కదా," అని డ్రైవరు ఆయన భుజం నిమిరాడు. పసిపిల్లాడిని నిమిరినట్టు.

ఆరో మనిషి వచ్చేసరికి పెయింటర్ కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్లు ఆయన వీపుతో మాట్లాడి వెళ్లారు.

వీళ్లందరినీ తట్టుకున్నాడు గానీ, ఇంట్లోనే ఒకత్తి ఉంది. మనవరాలు, కొడుకు కూతురు. ఆ పిల్లని అందరూ బ్రేకు అని పిలుస్తారు. ఆ పేరెందుకు పెట్టారంటే, ఆ పిల్లకి లేనిది అదొక్కటే కాబట్టి. ఈ ఏటి జట్టులో ఎనిమిదో మనిషి తనే. ఆఖరి రెండు గంటలూ తొక్కాల్సింది కూడా తనే.

స్కూలు నుంచి వచ్చి సంచీ మంచం మీద పడేసి అంది, "తాతా, నువ్వు పేరు గీకకపోతే నేను బండెక్కను."

"నువ్వెక్కకపోతే ఏడుగురే మిగులుతారు. ఏడుగురితో పందెంలోకి రానివ్వరు."

"తెలుసు."

"నలభై ఆరేళ్లలో ఒక్క ఏడన్నా మన బండి వెళ్లకుండా ఉందా?"

"లేదు."

"మీ టీచరుకి చెప్పావా?"

"చెప్పా. ఏడ్చింది."

"మరి ఎక్కు."

"మరి గీకు."

ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఏం కావాలన్నా బామ్మ ద్వారానే. "ఆయన్ని నీళ్లు ఇటివ్వమను," "ఆ పిల్లని ఫ్యాను తగ్గించమను." బామ్మ ఇద్దరికీ మధ్య కూర్చుని అన్నం తింటూ, "మీ ఇద్దరి తలకాయలూ ఒకే అచ్చులో పోసి ఉంటారు," అనేది.

ఏటా పందెం ముందు బండికి రంగు వేసేది పెయింటరే. అయిదో రోజున రంగు డబ్బాలు తీసుకుని స్కూలుకి వెళ్లాడు. వర్క్‌షాపు టీచరమ్మ షెడ్డు తాళం తీసి వెళ్లిపోయింది. ఆయన బండి పక్కన పీట వేసుకుని, గుండుసూదితో అక్షరాల్లో ఇరుక్కున్న పోయినేటి రంగు తియ్యడం మొదలుపెట్టాడు. రంగు అక్షరాల్లో నిండిపోతే పేర్లు కనపడవు. ఒక్కో పేరుకీ రెండు నిమిషాలు పడుతుంది. ఇది మాత్రం కూర్చుని చేసే పనే.

సగం అయ్యేసరికి బ్రేకు వచ్చింది. చేతిలో ఆకురాయి ఉంది. దాన్ని సీటు మీద పెట్టింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నేరుగా ఆయనతోనే మాట్లాడింది.

"ఆఖరి రెండు గంటలూ నేనే తాతా. గంటలు దాటేకొద్దీ అలుపు ఎక్కువ పడుతుంది, నీకు తెలుసు. నేను తొక్కుతుండగా నీకేమన్నా అయితే, పందెం అయ్యాక ఇదే గొట్టం మీద నా పేరు కొడతారు. నీ పేరూ నా పేరూ ఒకే గొట్టం మీద ఉంటాయి. ఇక జన్మలో ఈ కాళ్లని నేనెలా చూసుకోను?"

పెయింటర్ గుండుసూదిని చొక్కా కాలరుకి గుచ్చుకుని, ఆకురాయి తీసుకున్నాడు. మూడో పేరు మీద పెట్టాడు. ఒకసారి లాగాడు. పాత ఇనుము తెల్లగా మెరిసింది. మొదటి అక్షరం తలకట్టు పోయింది.

చెయ్యి ఆగిపోయింది.

"ఒక్కసారి కూర్చుంటానే," అన్నాడు. "ఆ రోజు దిగినవాణ్ణి మళ్లీ ఎక్కలేదు. కూర్చుని, తర్వాత గీకేస్తా."

గీకడానికి ఒప్పుకున్నాడన్న సంతోషంలో ఆ పిల్ల తలూపేసింది. ఆయన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. వెనక్కి వాలాడు. కాళ్లు చాచాడు. పెడళ్లు అందాయి. షెడ్డు తలుపు తీసే ఉంది, ఎదురుగా స్కూలు గ్రౌండు ఉంది. అప్పుడాయనకొకటి తోచింది. ఈ గుండె ఆగేదే అయితే నా కాళ్ల వల్లే ఆగాలి, ఆ పిల్ల కాళ్ల మీదకి ఆ పాపం రాకూడదు. ఇప్పుడే తేలిపోతే పందెం నాటికి దానికి ఏ బెంగా ఉండదు.

తొక్కాడు.

"తాతా, ఆపు. తాతా," అని బ్రేకు వెనకాల పరిగెత్తింది. తను ఎవరికీ ఎప్పుడూ చెప్పని మాట అది. బండి గ్రౌండు సగం దాటింది. మలుపు తిరిగింది. ఆయన గుండె మీద చెయ్యేసుకుని ఎదురుచూస్తున్నాడు, ఇదిగో వస్తుంది, ఇదిగో పట్టేస్తుంది అని. ఒక చుట్టు అయింది. రెండు చుట్లు అయ్యాయి. చెమట పట్టింది. మోకాళ్లు కిర్రుమన్నాయి. ఆయాసం మాత్రం చిటికెడు, ఉఫ్ అని ఊదితే పోయేంత. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆయనకి గాలి మొహానికి కొట్టింది. ఇంకో చుట్టు వేశాడు.

ఊళ్లో మటుకు గందరగోళంగా ఉంది. పళ్ల డాక్టరు పేషెంటు నోట్లో అద్దం వదిలేసి స్టూలు మీద కూలబడ్డాడు. బస్సు డ్రైవరు బస్సుని పక్కకి తీసి, స్టీరింగు మీద తలపెట్టుకుని, "ఇవాళ పందెమా?" అని కండక్టర్ని అడిగాడు. పోస్టాఫీసులో ముద్ర గాల్లోనే ఆగిపోయింది. గుండె డాక్టరుకైతే మోకాళ్ల వెనక పట్టేసింది. మామూలు రోజున బండి తీసిందెవరని, స్కూటరేసుకుని రొప్పుతూ స్కూలుకొచ్చాడు. ఆయన వచ్చేసరికి పెయింటర్ అయిదో చుట్టులో ఉన్నాడు, ఈల వేస్తున్నాడు.

డాక్టరు అడ్డంగా నిలబడి బండి ఆపించాడు. స్టెతస్కోపు తీసి నేరుగా ఛాతీ మీద పెట్టాడు. విన్నాడు. గడియారం చూశాడు. మళ్లీ విన్నాడు.

"ఎంత ఉంది సార్?" అంది బ్రేకు ఏడుస్తూ.

"ఎనభై." డాక్టరు నేల మీద చతికిలబడి తన నాడి తను చూసుకున్నాడు. "నాది నూట ఇరవై నాలుగు."

అప్పుడు ముగ్గురికీ వెలిగింది. సీట్లో ఉన్నవాడికి చిటికెడే పడుతుందని ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు. కానీ సీట్లో ఎప్పుడూ పిల్లలే కూర్చున్నారు, పెద్దవాళ్లందరూ కుర్చీల్లో కూర్చున్నారు. ఆయాసపడకూడని మనిషిని కూర్చోబెట్టాల్సిన చోటు ఊళ్లో ఒక్కటే ఉందని ఎవరికీ తట్టలేదు.

"మీ గుండెకి కావాల్సిందే ఇది బాబాయ్," అన్నాడు డాక్టరు, ఊపిరి కూడదీసుకుంటూ. "కాస్త కాస్తగా పని చెబితే గట్టిపడుతుంది. పని చెప్పబోతే ఆయాసం ముందొచ్చి పడుతోంది, అదే ఇన్నాళ్లూ చిక్కు. రోజూ పదకొండు నిమిషాలు తొక్కండి. పందెం ముందు రోజు చూస్తా. తట్టుకునేలా ఉంటే పేరు ఉంచుదాం. లేకపోతే నేనే వచ్చి గీకుతా."

"అలాగైతే నేనెక్కుతా," అంది బ్రేకు వెంటనే.

ఈలోగా టీచరమ్మని వెంటబెట్టుకుని హెడ్మాస్టరు వచ్చాడు. ఊరికి కొత్త, మంచివాడే, కాకపోతే కాగితం మనిషి. "స్కూలు రిజిస్టర్లో పేరున్నవాళ్లు తప్ప ఈ బండి ఎక్కకూడదండీ. రూలు."

"రిజిస్టరు తీసి చూడండి," అన్నాడు పెయింటర్. "పదో తరగతి మధ్యలో మానేశాను. మానేస్తున్నానని నేనెవరికీ చెప్పలేదు, నన్ను తీసేశామని నాకెవరూ చెప్పలేదు."

టీచరమ్మ ఆఫీసు గదిలోకి పరిగెత్తి, దుమ్ము దులుపుకుంటూ పాత రిజిస్టరు తెచ్చింది. ఉంది. కొట్టివేత లేదు. పేరు ఎదురుగా గైర్హాజరు, గైర్హాజరు, గైర్హాజరు అని పేజీ చివరిదాకా ఉంది.

హెడ్మాస్టరు కళ్లజోడు తుడుచుకున్నాడు. "నలభై ఆరేళ్లుగా బడికి రాలేదు మీరు."

"ఇప్పుడొచ్చాగా."

సాయంత్రానికి ఊరంతా షెడ్డు ముందు చేరింది. పళ్ల డాక్టరు చేతిలో విరిగిన అద్దం ఉంది. "ఒకరోజంటే ఏదో అనుకుంటాం గానీ, రోజూ అంటే ఎలాగండీ? పనులు చేసుకునేవాళ్లం. కట్టుబాటు ఒకటుంది కదా."

"బస్సులో నలభైమంది ఉంటారు," అన్నాడు డ్రైవరు.

"అయితే వేళ చెబుతా. పొద్దున ఆరున్నర నుంచి ఆరూ నలభై ఒకటి దాకా. ఆ పదకొండు నిమిషాలూ బస్సు తియ్యకు, పళ్లు పీకకు," అన్నాడు పెయింటర్.

"మమ్మల్ని ఒక్క మాట అడగాలి కదా," అంది పోస్టాఫీసు ఆవిడ.

పెయింటర్ లేచి నిలబడ్డాడు. బ్రేకు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నాడు. "మొదటి ఏడు ఎనిమిదిమందిమే. రెండో ఏడు పిల్లలు తొక్కితే ఆ అలుపంతా మా ఎనిమిదిమందికే పడింది. నిచ్చెన మీద ఉన్నా భరించాను, జ్వరంలో ఉన్నా భరించాను. నీ అలుపూ మోశానమ్మా, నువ్వు సీట్లో పాటలు పాడుకుంటూ తొక్కిన ఏడు. నన్నడిగావా? అడగక్కర్లేదనే మోశాను. వారం కిందట మా ఇంటికొచ్చి మీ వాటా మేం మోస్తామన్నారు, పళ్లు కూడా తెచ్చారు. మోయండి మరి."

డ్రైవరు గడియారం చూసుకుని, "ఆరున్నరే కదా, ఏడింపావు కాదుగా," అన్నాడు. అతని మొదటి ట్రిప్పు ఏడింటికి.

అలా మొదలైంది. పొద్దున ఆరున్నరకి పెయింటర్ గ్రౌండులో చుట్లు వేసేవాడు. ఊళ్లో రెండొందల పైచిలుకు మంది పళ్లు తోముకుంటూనో పాలు కాచుకుంటూనో ఒక్క పదకొండు నిమిషాలు గోడకి చేరగిలబడేవాళ్లు. కొందరు తిట్టుకున్నారు. కొందరు మర్యాదగా తిట్టుకున్నారు. ఆయన ఒక్క రోజు కూడా మానలేదు, ఆదివారం కూడా.

పందెం ముందు రోజున డాక్టరు ఆయన్ని షెడ్డులో కుర్చీలో కూర్చోబెట్టి, బ్రేకుని బండెక్కించి, ఉన్న సత్తువంతా పెట్టి తొక్కమన్నాడు. ఆ పిల్ల గ్రౌండు చుట్టూ తిరుగుతుంటే పెయింటర్ ఛాతీ ఎగిసి పడింది. మొహం ఎర్రబడింది. బామ్మ షెడ్డు తలుపు పట్టుకుని నిలబడింది. పది నిమిషాలు గడిచాయి. పావుగంట గడిచింది. డాక్టరు స్టెతస్కోపు తీసి మెళ్లో వేసుకున్నాడు.

"ఉంచుదాం," అన్నాడు. "కానీ రేపంతా నేను మీ పక్కనే కుర్చీ వేసుకుంటా."

"నీ బకెట్టు నువ్వు తెచ్చుకో," అన్నాడు పెయింటర్.

పందెం రోజు వీధంతా కుర్చీలు, బకెట్లు. పెయింటర్ మాత్రం ఒళ్లో ఒక రేకు బోర్డు పెట్టుకున్నాడు. మందుల షాపువాళ్లది, నాలుగు నెలలుగా ఆగిపోయింది. ఆయాసం లోపలికొచ్చేటప్పుడు బ్రష్షు ఎత్తి పట్టుకునేవాడు, బయటికి పోయేటప్పుడు గీత లాగేవాడు. ఒక్కో ఊపిరికి ఒక్కో గీత. మర్నాడు పొద్దున పదింటికి బ్రేకు సీట్లోకి ఎక్కిందని టీచరమ్మ ఫోను చేసింది. చెయ్యక్కర్లేదు, వీధి మొత్తానికి అప్పటికే తెలిసిపోయింది. బస్సు డ్రైవరు కుర్చీ చేతులు పట్టుకుని "అమ్మో, ఎవరి పిల్లండీ ఇది" అని మూలిగాడు.

"మాదే," అన్నాడు పెయింటర్. ఆ ఒక్క మాటకీ మూడు ఊపిర్లు పట్టాయి.

చివరి అరగంట కష్టమైపోయింది. ఆయన పెదాలు ఎండిపోయాయి. డాక్టరు ఒక చెయ్యి ఆయన మణికట్టు మీద, ఇంకో చెయ్యి తన గుండె మీద పెట్టుకుని కూర్చున్నాడు. బామ్మ తడిగుడ్డతో మొగుడి మెడ తుడుస్తూ, "వచ్చేస్తోంది, ఇంకో నాలుగు చుట్లే," అంటోంది, చూస్తున్నట్టుగా. పన్నెండు కొట్టేసరికి వీధి వీధంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ముప్పై ఒక్క బండ్లలో పదిహేడో స్థానం. బండి ఆగలేదు. పెయింటర్ బోర్డు మీద ఆఖరి అక్షరానికి నీడ వేసి, ఆరబెట్టడానికి గోడకి ఆనించి, కుర్చీలోనే నిద్రపోయాడు. డాక్టరు రెండుసార్లు వంగి విని, నిద్రేనని తేల్చుకున్నాడు.

పందెం అయిపోయింది కాబట్టి ఇక బండి షెడ్డులోకి వెళ్లిపోతుందని ఊరు అనుకుంది. మర్నాడు ఆరున్నరకి పాలగిన్నెలు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే గోడలకి చేరగిలబడ్డారు.

అలా అయిదు నెలలు గడిచాయి. పెయింటర్ ఆరో మెట్టు మీద నిలబడి బోర్డులు రాస్తున్నాడు. ఒకరోజు పొద్దున ఆరింపావుకే డాక్టరు స్కూలు గేటు దగ్గర కాపు కాశాడు.

"బాబాయ్, నిన్న మీ పరీక్షల రిపోర్టు వచ్చింది. గుండె గట్టిపడింది. ఇక మీకు బండి అక్కర్లేదు. మామూలుగా నడిస్తే చాలు."

పెయింటర్ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. డాక్టరు బెల్టుకి కొత్తగా రెండు రంధ్రాలు పొడిచి ఉన్నాయి, ప్యాంటు ఇంకా జారుతూనే ఉంది.

"పళ్ల డాక్టరుకి షుగరు తగ్గిందట," అన్నాడు పెయింటర్.

"తగ్గింది."

"డ్రైవరు బీపీ బిళ్ల మానేశాడట."

"నేనే మానిపించా."

"పోస్టాఫీసు ఆవిడ?"

"మోకాళ్ల నొప్పులు లేవంది." డాక్టరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అదే బాబాయ్ నేను చెప్పేది. నా క్లినిక్కులో సగం కుర్చీలు ఖాళీ. పొద్దున్నే వచ్చి పేపరు చదువుకుని వెళ్తున్నా. ఎంతమంది గుండెలకని పని చెబుతారు మీరు? మీది బాగైంది కదా, ఇక వదిలెయ్యండి."

పెయింటర్ రంగు డబ్బాలు బండి వెనక కట్టుకుని, సీట్లో తీరిగ్గా వాలాడు. చెప్పులు సర్దుకున్నాడు. గ్రౌండులో చుట్లు మానేసి ఈ మధ్య నేరుగా పనికే వెళుతున్నాడు, హెడ్మాస్టరు కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు.

"రేపట్నుంచి చేద్దామనుకున్నా," అన్నాడు. "ఎలాగూ వచ్చావు, ఇవాళ్టి నుంచే. పదిహేను నిమిషాలు."

"బాబాయ్, నా మాట కాస్త—"

పెయింటర్ తొక్కాడు. మిగతా మాటకి డాక్టరు దగ్గర ఊపిరి లేదు. గేటు స్తంభం పట్టుకుని, బండి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ, పదిహేను నిమిషాలూ అక్కడే నిలబడి రొప్పాడు.